తలకు 15 లీటర్లు

సాహిత్యం చదివే అలవాటున్నవారు ‘స్ఫియర్ హ్యాండ్‌బుక్’ను పుస్తకాల లెక్కలో వేయకపోవచ్చు. విపత్తు వచ్చినచోట సహాయం ఏ స్థాయికి తగ్గకూడదో చెప్పే చేపుస్తకం అది. అందులో కథ లేదు, నాయకుడు లేడు, వచనం కూడా కమిటీలు కూర్చుని రాసినట్టే ఉంటుంది. రోజుకు మనిషికి కనీసం 15 లీటర్ల నీరు. 250 మందికి ఒక కుళాయి. ఆ కుళాయి నివాసానికి అర కిలోమీటరు దాటకూడదు, వరుసలో నిలబడే సమయం 30 నిమిషాలు మించకూడదు. 20 మందికి ఒక మరుగుదొడ్డి, లోపలినుంచి గడియ పెట్టుకునే వీలుతో. తల దాచుకునే చోటు మనిషికి 3.5 చదరపు మీటర్లు. ఒంటికి నెలకు 250 గ్రాముల సబ్బు, బట్టలకు మరో 200 గ్రాములు. ఇలా సాగిపోతుంది. కానీ ఏ అంకె దగ్గర ఆగి ‘ఇది ఎందుకు రాయవలసి వచ్చింది?’ అని అడిగినా, దాని వెనక ఎక్కడో కొందరు చనిపోయి ఉంటారు.

ఎక్కువమంది చనిపోయిన చోటు గోమా. 1994 జులైలో రువాండానుంచి లక్షలాదిమంది సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోని ఆ ఊరికి చేరారు. మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు, ఎక్కువగా కలరాతో, రక్తవిరేచనాలతో. వైద్యం తెలిసినవారికి ఇక్కడ మింగుడుపడని సంగతి ఒకటుంది. కలరాకు ఏం చేయాలో అప్పటికి రెండు దశాబ్దాలకు పైగా తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, దిలీప్ మహలనబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో నింపి తాగించి వేలమందిని నిలబెట్టాడు. గోమాలో మందులకూ మనుషులకూ మరీ అంత కొరత లేదు. ఢాకానుంచి వెళ్ళిన కలరా నిపుణులు తరువాత లాన్సెట్ పత్రికలో రాసినదాని ప్రకారం, అక్కడి చికిత్సా కేంద్రాల్లో ద్రవాలు నెమ్మదిగా ఎక్కించారు, నోటిద్వారా ఇవ్వవలసినంత ఇవ్వలేదు, చాలామందికి కలరా రోగిని చూసిన అనుభవమే లేదు. మంచి మనసుతో వచ్చినవారి చేతుల్లోనే రోగులు పోయారు. ఆ సిగ్గులోంచే 1997లో స్వచ్ఛంద సంస్థలూ రెడ్‌క్రాస్ ఉద్యమమూ కలిసి ఈ పుస్తకానికి పూనుకున్నాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2018 నాటి నాలుగో కూర్పు.

తెలుగు పాఠకుడు దీన్ని చదువుతూ దివిసీమను తలుచుకోకుండా ఉండలేడు. 1977 నవంబరు 19న సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలోనే మృతులు 10,000 మందికి అటూఇటూ. అసలు సంఖ్య ఎంతో ఎక్కువని ఆ ప్రాంతంవాళ్ళు ఈనాటికీ అంటారు. ఆ తరువాత తెలుగునాట వెల్లువెత్తిన దయకూ కొలత లేదు. నందమూరి, అక్కినేని జోలె పట్టి వీధుల్లో తిరిగారు. మండలి వెంకట కృష్ణారావు సహాయ కార్యక్రమాలను తన భుజాన వేసుకున్నారు. కానీ జోలె అన్న మాటలోనే విషయమంతా ఉంది. అది దానం. పెట్టినవాడి చేయి పైన, పుచ్చుకున్నవాడి చేయి కింద. ఎంత ఇచ్చారు, ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అని అడిగే మాట పుచ్చుకునేవాడి నోట పలికేది కాదు.

ఇంకో సంగతి. శవాలు అంటువ్యాధులు తెస్తాయన్న భయంతో గుర్తు పట్టకుండానే గుంపులుగా దహనమో ఖననమో చేయడం అప్పటి ఆనవాయితీ. విపత్తులో గాయాలతో చనిపోయినవారి శరీరాలవల్ల మహమ్మారులు రావడం అరుదని నేటి వైద్యం చెబుతుంది. గుర్తింపు నమోదు చేయకుండా సామూహిక ఖననం వద్దని స్ఫియర్ కూడా అంటుంది. ఇది గౌరవానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. పేరు లేని శవానికి మరణ ధ్రువపత్రం ఉండదు. ధ్రువపత్రం లేని భార్య ఏ కార్యాలయం లెక్కలోనూ వితంతువు కాదు.

ఆ తీరంలో తరువాతి పదేళ్ళు ఏం జరిగిందో చూసిన పుస్తకం పీటర్ విన్‌చెస్టర్ రాసిన ‘పవర్, చాయిస్ అండ్ వల్నరబిలిటీ’. 1977నుంచి 1988 వరకు దక్షిణ భారతంలో విపత్తు నిర్వహణ ఎలా గాడి తప్పిందో చెప్పే అధ్యయనం. అతని పరిశీలనల ఆధారంగా 1994లో వచ్చిన ‘ఎట్ రిస్క్’ అనే గ్రంథంలో రెండు కుటుంబాల కథ ఒకటి చిన్న పెట్టె కట్టి వేశారు. ఇళ్ళమధ్య దూరం 100 మీటర్లు. ఒకరిది ఇటుకల ఇల్లు, మూడెకరాల మాగాణి, ఆరు పశువులు, ధాన్యం వ్యాపారం, లారీ. మరొకరిది తాటాకు గుడిసె, అరెకరం మెట్ట, ఒక ఎద్దు, ఒక దూడ. తుఫాను వార్త రేడియోలో విని కలిగినవాడు పెళ్ళాం బిడ్డలతో, విలువైన సామానుతో లారీ ఎక్కి వెళ్ళిపోయాడు. లేనివాడి చిన్నబిడ్డ నీళ్ళలో పోయింది. ఎద్దూ దూడా పోయాయి, గుడిసె ఆనవాలు లేకుండా పోయింది.

డబ్బు లెక్కలో ఎక్కువ నష్టపోయింది కలిగినవాడే. అతను 6,000 రూపాయలు పెట్టి వారంలో ఇల్లు నిలబెట్టుకున్నాడు, పశువుల్ని కొన్నాడు, నీరు తీయగానే దుక్కి దున్నాడు. లేనివాడి గుడిసె ఖరీదు 100 రూపాయలు. ఆ 100 లేక వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్ళాడు. ఎద్దు లేక అద్దె ఎడ్లకోసం తిరిగాడు. ఊరంతా అదే అవసరంలో ఉండటంవల్ల అవి దొరికేసరికి అదను దాటింది. తుఫాను వెళ్ళిన ఎనిమిది నెలలకు ఆ ఇంట్లో ఆకలి మొదలైంది.

ఎనిమిదో నెలలో అక్కడ శిబిరం ఉండదు, పాత్రికేయులు ఉండరు, మనిషికి ఎన్ని లీటర్లని కొలిచేవారు ఉండరు. స్ఫియర్ అంకెలన్నిటికీ కొలమానం తల, రోజు. అప్పు ఆ కొలమానానికి అందదు. న్యాయంగా చెప్పాలంటే, 2018 కూర్పులో జీవనోపాధి గురించీ నగదు సాయం గురించీ తగినంత ఉంది. కానీ అమలుకు వచ్చేసరికి సులువుగా లెక్క తేలే కుళాయిలే ముందు కంటపడతాయి, తేలనివి అనుబంధాల్లోకి జారుతాయి. ఆసుపత్రుల్లోనూ ఇంతే: జ్వరం పట్టిక రాస్తారు, రోగి ఇంటికి వెళ్ళి మందులు కొనుక్కోగలడో లేదో రాయడానికి గడి ఉండదు.

మనదేశం ఈ కనీస ప్రమాణాలను చట్టంలోకే తీసుకుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షను ఆశ్రయం, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యాలతో పాటు వితంతువులకూ అనాథలకూ ప్రత్యేక ఏర్పాట్లు, ప్రాణనష్టానికి పరిహారం ఉండాలంటుంది. దాని ప్రకారం జాతీయ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అవే 3.5 చదరపు మీటర్లు కనిపిస్తాయి. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి 15 రోజుల్లో ధ్రువపత్రం, 45 రోజుల్లో పరిహారం అందాలన్న మాట అంతకంటే విలువైనది. కోవిడ్ కాలంలో ఈ పరిహారం ఇవ్వడం ప్రభుత్వం ఇష్టమని వాదన వచ్చింది. 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ‘ఇష్టం కాదు, తప్పనిసరి’ అని తేల్చింది. జోలె హక్కుగా మారిన క్షణం ఏదైనా ఉంటే అదే. అది కోర్టుదాకా వెళితేగాని రాలేదు.

స్ఫియర్‌లో అచ్చయిన ‘కోర్ హ్యుమానిటేరియన్ స్టాండర్డ్’ 2014లో వచ్చింది. అందులో తొమ్మిది వాగ్దానాలు. ఐదోది: ఫిర్యాదులను స్వాగతిస్తాం, పరిష్కరిస్తాం. సహాయం పొందేవాడు సహాయం చేసేవాడి మీద ఫిర్యాదు చేయవచ్చట! మన కార్యాలయాల భాషలో అతనికున్న పేరు లబ్ధిదారుడు. బిడ్డను నీళ్ళలో పోగొట్టుకున్న తల్లి కూడా బియ్యం సంచి అందుకోగానే ‘లబ్ధి’ పొందినదవుతుంది. లబ్ధి పొందినవారికి ఇక ఫిర్యాదేమిటి?

దూరాన ఉండి ఇచ్చేవారికి ఈ వాగ్దానం మరీ కష్టం. బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ సందుల్లో గదులు పంచుకుని ఉండే వలస కూలీల్లో తెలుగువారూ ఉంటారు. తమ వాటాకు ఆ 3.5 చదరపు మీటర్లు వస్తాయో రావో ఎప్పుడూ కొలుచుకోనివారు కూడా, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినట్టి వార్త చేరితే, జీతంలోంచి ఒకటీ రెండూ దినార్లు తీస్తారు. పదిరోజులకు ఫోనులో ఫోటో వస్తుంది: సంచి, సంచి పట్టుకున్న చేతులు, వెనక ఒక బ్యానరు. డబ్బు దారి తప్పలేదని ఇచ్చినవారికి తృప్తి. జవాబుదారీ అంటే మనకు తెలిసింది ఇంతే, జవాబు డబ్బిచ్చినవాడికి చెప్పడం. ఆ ఫోటో తీయడానికి ఆమె ఒప్పుకుందా, సంచిలో ఉన్నది ఆమెకు కావలసిందేనా, పక్కవీధికి ఎందుకు చేరలేదు అన్నవి ఆమె అడగవలసిన ప్రశ్నలు. వాటిని అడగడానికి ఆ బ్యానరు మీద ఒక ఫోను నెంబరు వేయడానికి ఖర్చేమీ కాదు. వేసినవారు తక్కువ. వేసినా, చదువురాని మనిషి, పైగా రేపటి సంచి కూడా ఆ చేతినుంచే రావాలని తెలిసిన మనిషి, ఎంత ధైర్యంగా మాట్లాడగలదన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. పుస్తకం దాన్ని దాటవేయదు. ఫిర్యాదు చేసే పద్ధతిని ఆ ప్రజలనే అడిగి రూపొందించమంటుంది, సంస్థల సిబ్బంది తమ మీద వచ్చే మాటను ఎలా వినాలో నేర్చుకోమంటుంది.

‘స్ఫియర్ హ్యాండ్‌బుక్’ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. లీటర్ల పట్టికల దగ్గర మొదలుపెడితే విసుగొస్తుంది. ఐదో వాగ్దానం దగ్గర తెరవడం మేలు. విన్‌చెస్టర్ పుస్తకం సంపాదించడం అంత తేలిక కాదు. ‘ఎట్ రిస్క్’ రెండో కూర్పు పాత పుస్తకాల్లో కనిపిస్తుంటుంది. ఆ రెండు కుటుంబాల కథ మహా అయితే ఒక పేజీ ఉంటుంది, కానీ 100 రూపాయల గుడిసె దగ్గర ఆగకుండా పేజీ తిప్పడం కష్టం.