బెజవాడలో బస: అమ్మీ అడుగులే కొలమానం

ఇల్లు కొనే ముందు ఇరుగుపొరుగును చూడమని, ప్రయాణానికి ముందు తోడును చూడమని అరబ్బులలో ఒక నానుడి ఉంది. విజయవాడకు రెండుసార్లు వెళ్ళి వచ్చిన తర్వాత ఆ నానుడికి నేను మరొక మాట చేర్చుకున్నాను: గది తీసుకునే ముందు వీధిని చూడు.

మొదటి ప్రయాణం అమ్మీ మోకాళ్ళ నొప్పి కోసం. సూర్యారావుపేటలోని ఒక వైద్యునికి చూపించాలని కర్నూలు నుంచి బయలుదేరాము. నేను, నా శ్రీమతి, ఇద్దరు పిల్లలు, డెబ్బై ఏళ్ళు దాటిన అమ్మీ. ఆమె పుట్టినిల్లు బందరు. పెళ్ళయి కర్నూలు వచ్చిన తర్వాత ఆ వైపు రాకపోకలు క్రమంగా తగ్గిపోయాయి. వైద్యం పేరు మీదనైనా కృష్ణా నదిని మళ్ళీ చూడవచ్చునన్న ఆశతో ఆమె రెండు రోజుల ముందు నుంచే బట్టలు సర్దుకున్నది.

బస చూసే బాధ్యత నాది. ఫోనులో ఫొటోలు చూశాను. విశాలమైన గదులు, తెల్లని దుప్పట్లు, తక్కువ అద్దె. 'నగర కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు' అన్న ఒక్క వాక్యంతో తృప్తి చెంది డబ్బు కట్టేశాను.

బస్సు తెల్లవారుజామున వారధి దాటింది. చీకటిలో నది కనిపించలేదు. 'తర్వాత చూద్దాంలే అమ్మీ' అన్నాను. హోటలు జాతీయ రహదారి పక్కన ఉంది. మధ్యాహ్నం పన్నెండు దాటితేనే గది ఇస్తామన్నారు. ఆ నియమం ముందే రాసి ఉంది, చదవనిది నేనే. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన అమ్మీ, మళ్ళీ రిసెప్షన్‌లోని సోఫాలో ఆరు గంటలు కూర్చున్నది. మసీదు రహదారికి ఆవలి వైపున ఉంది. మధ్యలో డివైడరు. దాటాలంటే చాలా దూరం నడిచి తిరిగి రావాలి. భోజనానికి ఆటో, మందులకు ఆటో, వైద్యుని దగ్గరకు ఆటో. అద్దెలో మిగిల్చిన సొమ్ము ఆటోలకు చాలలేదు.

ఇవన్నీ సర్దుకోదగిన ఇబ్బందులే. సర్దుకోలేనిది మరొకటి జరిగింది. వైద్య పరీక్షలు ముగిసిన సాయంత్రం నది దగ్గరకు వెళ్దామంటే, 'కాళ్ళు లాగుతున్నాయి, మీరు వెళ్ళి రండి బేటా' అన్నది అమ్మీ. మరుసటి రోజు కూడా అదే మాట. ఎదుటి గోడ తప్ప మరేమీ కనిపించని కిటికీ పక్కన ఆమె రెండు రోజులు తస్బీహ్ చేసుకుంటూ గడిపింది. ఇంటికి చేరిన తర్వాత పక్కింటి ఖాలాతో ఆమె అంటున్న మాట నా చెవిన పడింది: 'బెజవాడ పోయొచ్చాను గానీ, కృష్ణను చూడలేదు. నేను బయలుదేరితే పిల్లలకు మళ్ళీ ఆటో ఖర్చు కదా!'

తల్లిని నగరం దాకా తీసుకువెళ్ళి, ఆమె చూడాలనుకున్న దానిని చూపించకుండా తీసుకువచ్చాను. ఆ తప్పు గదిని ఎంచుకున్న నాడే జరిగింది.

రెండవ ప్రయాణానికి ముందు నేను ఫొటోలను పక్కన పెట్టి పటం తెరిచాను. అప్పుడు విజయవాడ స్వరూపం కొంత అర్థమైంది. ఈ నగరాన్ని నీరు, రైలు పట్టాలు, కొండలు విభజిస్తున్నాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన బయలుదేరే నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువలుగా విడిపోయి నగరం గుండా సాగుతుంది. రైలు పట్టాలకు పడమట, ఇంద్రకీలాద్రి వైపున పాత పట్టణమైన వన్‌టౌన్ ఉంది. తూర్పున గాంధీనగర్, గవర్నర్‌పేట, సూర్యారావుపేట. అందువల్ల పటంలో అర కిలోమీటరుగా కనిపించే దూరం, వంతెన కోసమో పట్టాలు దాటే దారి కోసమో చుట్టూ తిరిగితే రెండింతలు కావచ్చు. 'ఎన్ని కిలోమీటర్లు?' అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఈ నగరంలో చాలదు. 'దారిలో కాలువ ఉందా, రైలు కట్ట ఉందా, రహదారి ఉందా?' అని కూడా అడగాలి.

పని ఎక్కడ ఉందో బస అక్కడ ఉండడం మొదటి సూత్రం. ఆసుపత్రి పని మీద వచ్చే వారికి సూర్యారావుపేట, గవర్నర్‌పేట అనుకూలం. వైద్యశాలలు, పరీక్షా కేంద్రాలు, మందుల దుకాణాలు అక్కడ దగ్గరదగ్గరగా ఉన్నాయి. పెళ్ళి బట్టలకు వచ్చే వారికి ఏలూరు రోడ్డును బందరు రోడ్డును కలిపే బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఉండడం మంచిది. టోకు సరుకు కొనే వ్యాపారులకు వన్‌టౌన్ దగ్గర. తెల్లవారుజామున రైలు ఎక్కవలసిన వారు స్టేషన్ సమీపంలోనే ఆగాలి. అయితే స్టేషన్‌కు తారాపేట వైపు కూడా ద్వారం ఉంది కనుక, బస ఏ వైపున ఉందో ముందే తెలుసుకోవాలి. గన్నవరం విమానాశ్రయం నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానం కోసం వచ్చే వారికి తప్ప, ఆ దారిలోని హోటళ్ళు నగరంలో పని ఉన్నవారికి అంతగా ఉపయోగపడవు.

రెండవది నమాజ్, ఆహారం. పంజా సెంటర్, తారాపేట, ఇస్లాంపేట, వించిపేట ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలు చాలా కాలంగా నివసిస్తున్నాయి. అక్కడ మసీదులు, హలాల్ భోజనం వెతుక్కోనవసరం లేకుండా లభిస్తాయి. ప్రయాణికునికి నమాజులో ధర్మం సౌలభ్యం ఇచ్చింది, నిజమే. అయినా అజాన్ వినిపించే దూరంలో ఉంటే పిల్లలకు పరాయి ఊరు కూడా పరాయిదనిపించదు. గదిలో నమాజ్ చేసుకునే స్త్రీలకు ఒక వివరం ఉపకరిస్తుంది: విజయవాడ నుంచి ఖిబ్లా నేరుగా పడమర కాదు, పడమర నుంచి సుమారు 14 డిగ్రీలు ఉత్తరానికి ఉంటుంది. రమజాన్‌లో వెళ్ళే వారు సహరీ వేళకు వంటగది తెరుస్తారా, వీధి తలుపు తీసే మనిషి ఉంటాడా అని కూడా విచారించుకోవాలి.

మూడవది ఋతువు. ఏప్రిల్, మే నెలల ఎండలో బెజవాడ వీధిలో పది నిమిషాల నడక కూడా వృద్ధులకు భారమే. అప్పుడు దగ్గరితనానికి విలువ ఇంకా పెరుగుతుంది. దసరా రోజులలో ఇంద్రకీలాద్రికి లక్షలాదిగా యాత్రికులు వస్తారు. గదులు దొరకడం కష్టం, కొండ చుట్టూ వాహనాలను మళ్ళిస్తారు. వైద్యుని తేదీ మన చేతిలో ఉంటే ఆ పది రోజులు తప్పించుకోవడం ఉభయులకూ మేలు. వర్షాకాలంలో వెళ్ళే వారు పల్లపు ప్రాంతాలను గమనించాలి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో మునిగిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చింది. నది ఉధృతంగా ఉన్నప్పుడు భవానీ ద్వీపానికి పడవలు కూడా నిలిపివేస్తారు.

ఈ మూడింటి తర్వాతనే గది గురించిన ప్రశ్నలు. వాటిని ఫోను చేసి మనిషితోనే మాట్లాడి తెలుసుకోవాలి. గదిని 24 గంటల లెక్కన ఇస్తారా, మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికా? తెల్లవారుజామున వస్తే తీసుకుంటారా? కరెంటు పోతే లిఫ్టు జనరేటర్ మీద నడుస్తుందా? వాకిట్లో మెట్లెన్ని? మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి తగిన మరుగుదొడ్డి ఉందా? రాత్రి పది తర్వాత ఆ వీధిలో దీపాలు వెలుగుతాయా, స్త్రీలు పిల్లలతో నడిచి రాగలరా? మొదటిసారి ఫొటోలలో నాకు కనిపించనివన్నీ ఇవే.

పూర్వులకు ఈ వివేకం ఉండేది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నమే. ఆనాటి ప్రయాణికుల కోసం కట్టిన సరాయిలలో ఒకటి నేటికీ హైదరాబాదులోని షేక్‌పేటలో నిలిచి ఉంది. దాని పక్కనే మసీదు ఉంది. అలసి వచ్చిన బాటసారికి విశ్రాంతి, ఆరాధన ఒక్కచోటనే అందాలన్న ఆలోచన ఆ కట్టడంలో కనిపిస్తుంది. ప్రయాణం మనిషిని తిండికి, నిద్రకు దూరం చేస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ కష్టంలో మనం తగ్గించగలిగిన భాగం కొంత ఉంటే, అది బస ఎంపికలోనే ఉంది.

రెండవసారి గవర్నర్‌పేటలోని ఒక పక్కవీధిలో దిగాము. గది చిన్నది, దుప్పట్లు అంత తెల్లగా లేవు, అద్దె కొంత ఎక్కువ. కానీ బస్సు దిగిన వెంటనే గది ఇచ్చారు. ఫజ్ర్ అజాన్ కిటికీలోంచి వినిపించింది. వైద్యుని దగ్గరకు అమ్మీ నా చేయి పట్టుకుని నడిచే వచ్చింది, దారిలో రెండుచోట్ల ఆగి. మధ్యాహ్నం గదిలో నడుము వాల్చింది. అస్ర్ తర్వాత తానే లేచి చెప్పులు వేసుకుని, 'నది ఎంత దూరం?' అని అడిగింది.

బ్యారేజీ దగ్గర ఆటో దిగాము. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోగా, దాని స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్లకు పైమాటే. దాదాపు 13 లక్షల ఎకరాల డెల్టా దీని మీద ఆధారపడి ఉంది. ఈ లెక్కలన్నీ పిల్లలకు చెబుతున్నాను. అమ్మీ వినడం లేదు. కాలువ వైపు చూస్తున్నది.

'ఇదే కదా బందరు పోయే నీళ్ళు?' అన్నది. 'చిన్నప్పుడు మా అబ్బా నన్ను ఇక్కడికి తీసుకొచ్చి, ఇక్కడ వదిలిన నీళ్ళే మన ఊరి కాలువలోకి వస్తాయని చెప్పేవారు. నేను కాగితం పడవ వేస్తే ఇంటికి చేరుతుందా అని అడిగాను.' పిల్లవాడు వెంటనే నోటు పుస్తకంలోని కాగితం చింపబోతే ఆమె నవ్వి వారించింది. మగ్రిబ్ వేళ దాకా అక్కడే కూర్చున్నాము. తిరిగి వెళ్దామని నేను రెండుసార్లు అన్నా ఆమె లేవలేదు. కాళ్ళ నొప్పి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఈ సంవత్సరం బందరు వెళ్దామనుకుంటున్నాము, ఇన్షా అల్లాహ్. మొన్న ఫోనులో ఒక హోటలు ఫొటోలు అమ్మీకి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకోకుండానే ఫోను నాకు తిరిగి ఇచ్చేసింది.

'గది సరే బేటా, ముందు వీధి పేరు చెప్పు' అన్నది.