బాబాయ్ కంప్యూటర్లో లినక్సు

ఇంట్లో కంప్యూటరుకి లినక్సు ఎక్కించడం ఇప్పుడు అరగంట పని. ఎక్కించాక దాన్ని వాడేది మనం కాకుండా నాన్నో, పిన్నో, బాబాయో అయినప్పుడు ఏళ్ళ తరబడి నడిపించడం ఉంది చూశారూ, అదీ అసలు కథ. ఆఫీసులో వందల సర్వర్లు చూసుకునేవాళ్ళు కూడా ఇంట్లో ప్రింటరు దగ్గర బోర్లా పడతారు. మీలో చాలామందికి అనుభవమే అయ్యుంటుంది.

ఒకప్పుడు ఎక్కించడమే పెద్ద యజ్ఞం లెండి. 2003-04 ప్రాంతంలో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే కంప్యూటర్ పత్రికలు దొరికేవి. పత్రిక ఎవడిక్కావాలి, దాంతో వచ్చిన లినక్సు సీడీ కావాలి. సీడీ మీద గీతలు లేకపోతే ఆ ఆదివారం పండగే! డయలప్ మీద 650 ఎంబీ దించుకోవడం ఎవరి తరం? తర్వాత ఉబుంటు వాళ్ళు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు (2011లో ఆపేశారు). తీరా ఎక్కించాక మోడెమ్ పలికేది కాదు. అప్పటి చవక మోడెముల్లో సగం పని విండోస్ డ్రైవరే చేసేది మరి. దాన్ని బాగుచేసే ఉపాయం ఇంటర్నెట్లో ఉంటుంది, ఇంటర్నెట్టేమో ఆ మోడెమ్‌లో ఉంటుంది. నెట్ సెంటరుకి పరిగెత్తి, కమాండ్లు కాగితమ్మీద రాసుకొచ్చి కొట్టేవాళ్ళం.

ఇప్పుడా బాధల్లేవు. వేరేవి ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం ప్రాసెసరు ఉండాలి. మా చుట్టాల ఇళ్ళలో ఉన్నవన్నీ 4వ తరం, 6వ తరం. చిరాగ్ అలీ లేన్‌లో ఒక షాపతన్ని అడిగితే "బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ అన్నీ మార్చాలి సార్, ఇంకా కేబినెట్ ఒక్కటే మీది" అన్నాడు. నవ్వుకుని 240 జీబీ ఎస్ఎస్‌డీలు రెండు కొనుక్కుని వచ్చేశాను.

నా పద్ధతి ఏంటంటే, ఇంట్లోవాళ్ళ మెషీన్ల మీద ప్రయోగాలు చెయ్యను. ఎల్‌టీఎస్ తప్ప ఇంకోటి పెట్టను. లినక్స్ మింట్ 22 పెడితే 2029 దాకా చింత లేదు. హోమ్ పార్టిషన్ వేరుగా ఉంచుతాను, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే వచ్చేట్టు పెడతాను, టైమ్‌షిఫ్ట్‌తో వారానికో స్నాప్‌షాట్. అంతే. డెస్క్‌టాప్ మీద గిరగిర తిరిగే ఘనాలు చూపించి మురిసిపోయే వయసు దాటిపోయింది. నాన్న వాడకం బ్రౌజరు, పెన్షన్ కాగితాలు, పాత పాటలు. ఆయనకి కింద ఉన్నది ఏ ఆపరేటింగ్ సిస్టమో ఇప్పటికీ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఒక పేరుమోసిన కంపెనీ ప్రింటరు మాత్రం కొన్నాళ్ళు ఏడిపించింది. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు దానికి ఫర్మ్‌వేర్ తినిపించాలిట! చంటిపిల్లాడిలాగా.

ఈ పద్ధతులన్నీ మా బాబాయ్ దగ్గర చెల్లలేదు.

బాబాయ్ నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక సందులో ఇరవయ్యేళ్ళు డీటీపీ షాపు నడిపాడు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, జనవరిలో నుమాయిష్ వస్తే స్టాళ్ళవాళ్ళ ధరల పట్టీలు. షాపు మూసేశాక సీపీయూ ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో పేజ్‌మేకరు, అను ఫాంట్లు. దాని హార్డ్‌డిస్కు టకటకమని చప్పుడు మొదలుపెట్టిందని నాకు కబురు.

"లినక్సు పెడతా బాబాయ్" అన్నాను. "పెట్టు. నానమ్మ పాటలు కనపడతాయా?" అన్నాడు.

విషయం అదీ. నానమ్మ పాడిన తిరగలి పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు ఆవిడ బతికుండగా కూర్చోబెట్టి పాడించుకుని రాసి, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో కంపోజ్ చేశాడు. 212 పేజీలు. అచ్చు కాలేదు. రాసుకున్న నోటుబుక్కులు చెదలు తినేశాయి. ఉన్నదల్లా ఆ ఫైళ్ళే.

ఆ ఫైళ్ళలో ఉన్నది కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టి కూర్చారు. యూనికోడ్ మన దగ్గరికి రాకముందు అంతకన్నా దారి లేదు, దాన్ని తప్పు పట్టక్కర్లేదు. ఆ ఫాంటుంటే నానమ్మ పాట, లేకపోతే పిచ్చిగీతలు. పేజ్‌మేకరేమో 2001లో వచ్చిన 7వ వెర్షన్‌తో ఆగిపోయింది. మనం తాళం చెవి పారేసుకోకపోయినా తలుపే మాయమయ్యే పరిస్థితన్నమాట.

ముందు డిస్కు మొత్తానికీ డీడీరెస్క్యూతో నకలు తీశాను. మింట్ ఎక్కించి, దాంట్లో వర్చువల్‌బాక్స్ పెట్టి, నెట్‌కి తగలకుండా పాత విండోస్ నడిపించాను. (శుద్ధ లినక్సువాదులు తిట్టుకోండి, ఫర్వాలేదు.) పేజ్‌మేకరులోంచి పాఠం బయటికి తీసి కన్వర్టరులో వేస్తే ముక్కాలువంతు బాగానే వచ్చింది. మిగతాది క్రావడి గొడవ. ఆ ఫాంట్లలో కంటికి కనపడే వరసే ఫైల్లోనూ ఉంటుంది, క్రావడి హల్లుకి ముందొస్తుంది. యూనికోడులో హల్లు తర్వాత రావాలి. కన్వర్టరు కొన్నిచోట్ల దాన్ని తీసుకెళ్ళి ముందక్షరానికి తగిలించింది. దానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను, కానీ పాటల్లో మాటలు నిఘంటువుల్లో ఉండవు కదా, ఏది సరైనదో ప్రోగ్రాముకేం తెలుసు? బాబాయే చూడాలి.

బాబాయ్ చేతులు యాపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డాయి, ఈ వయసులో ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే కీబోర్డుతోనే కొడతాడు. ఐబస్‌లో ఎం17ఎన్ పెడితే యాపిల్ లేఅవుట్ సిద్ధంగా ఉంది! ఎవరో తెలుగువాళ్ళు ఎప్పుడో పనిగట్టుకుని చేసి పెట్టారు. వాళ్ళకి శతకోటి దండాలు. ఫాంట్లకి పోతన, మండలి, రామభద్ర ఉన్నాయి. పేజీలు పెట్టడానికి స్క్రైబస్. పాత స్క్రైబస్‌లో వత్తులు విడిపోయి నానా భీభత్సంగా ఉండేది, 2024 జనవరిలో వచ్చిన 1.6తో తెలుగు కుదురుగా నిలబడుతోంది. "పేజ్‌మేకరంత చురుగ్గా లేదురా" అంటాడు బాబాయ్. నిజమే, లేదు.

ఇప్పటికి 140 పేజీలు దిద్దాడు. నిన్న రాత్రి ఫోను. "ఒరేయ్, 87వ పేజీలో 'సీతమ్మ' బదులు 'సీత్రమ' పడింది, నీ స్క్రిప్టేనా?" స్క్రిప్టుదే. ఆ తర్వాత పేజీలో ఒక చరణం నానమ్మ ఎలా పాడేదో గుర్తు రావట్లేదట, మా పెద్దత్తకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పమన్నాడు.