ఏడు రాత్రుల హక్కు

గత ఏడాది షాబాన్ మాసంలో ఒక సాయంత్రం చాచా మా ఇంటికి వచ్చారు. ఆయన అబ్బాజాన్‌కు బాల్యమిత్రులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. టీ తాగిన తర్వాత చేతిసంచిలోంచి నీలిరంగు ఫైలు తీసి బల్లపై ఉంచారు. పదహారేళ్ల క్రితం ఆయన ఒక విహార సంస్థలో 25 ఏళ్ల సభ్యత్వం తీసుకున్నారు. ఏటా ఏడు రాత్రులు ఆ సంస్థ విడిది గృహాల్లో కుటుంబంతో ఉండవచ్చు. ఇంకా తొమ్మిదేళ్లు మిగిలి ఉన్నాయి. చాచీ మోకాళ్లకు శస్త్రచికిత్స జరిగాక వారు ప్రయాణాలు మానుకున్నారు.

"లక్షా పదివేలకు మీరే తీసుకోండి బేటా. బయటివారికి ఇవ్వడం కన్నా మన పిల్లలు వాడుకుంటే నాకు సంతోషం" అన్నారు.

మాకు ఆశ కలిగింది, దాచడమెందుకు? గుంటూరు ఎండల్లో పెరుగుతున్న పిల్లలు ఊటీ పేరు వినగానే స్వెట్టర్ల రంగులు ఎంచుకున్నారు. కొండవీడు తప్ప మరో కొండ ఎరుగని అమ్మీ కూడా ఫైలులోని బొమ్మలను చాలాసేపు చూశారు. మా దగ్గర అంత సొమ్ము ఒక్కచోటే ఉంది. అది అమ్మీ ఉమ్రా కోసం నెలనెలా కూడబెట్టినది. వడ్డీకి తెచ్చే ఆలోచన మాకు లేదని తెలిసి, "అందులోంచే తీయండి, నేను మరో రెండేళ్లు ఆగుతాను" అన్నారు ఆమె. డెబ్బై రెండేళ్ల మనిషి అంత తేలికగా ఆ మాట అనడం మమ్మల్ని కలవరపెట్టింది.

ఇషా నమాజు తర్వాత కాగితం, కలం తీసుకుని కూర్చున్నాం. చాచాకు ఇవ్వవలసినది 1,10,000. పేరు మార్పిడికి సంస్థ అడిగేది 25,000. ఏటా నిర్వహణ రుసుము 22,000 చొప్పున తొమ్మిదేళ్లకు 1,98,000. వెరసి 3,33,000 రూపాయలు. రుసుము ఏనాడూ పెరగదని అనుకున్నా, ప్రతి ఏడూ వెళ్లినా, ఒక్కో రాత్రికి దాదాపు 5,300 పడుతుంది. భోజనం, రైలు ఖర్చులు వేరు. మేము గడచిన తొమ్మిదేళ్లలో విహారానికి వెళ్లినది మూడుసార్లే. ఇకముందూ అంతే అయితే రాత్రికి 15,800 దాటుతుంది. వెళ్లినా వెళ్లకపోయినా రుసుము మాత్రం కట్టవలసిందే.

పిమ్మట క్యాలెండరు చూశాం. మా పిల్లలకు తీరిక దొరికేది వేసవిలో, దసరాకు. ఆ రోజుల్లోనే గదులకు గిరాకీ, నెలల ముందే చెప్పుకోవాలి. 2026లో బక్రీదు మే నెలాఖరుకు, 2027లో మే మధ్యకు వస్తుంది. ఖుర్బానీ వదిలి కొండలెక్కలేం కదా! 2030 నాటికి రంజాను డిసెంబరు, జనవరి చలిరోజుల్లోకి జరుగుతుంది. ఒప్పందంలోని సంవత్సరానికీ మా ఇంటి సంవత్సరానికీ పొత్తు కుదరలేదు. పైగా ఆ ఫైలులో ఉన్నది గది కాదు, గజం స్థలమూ కాదు. వాడుకునే హక్కు మాత్రమే. గడువు తీరితే అదీ ఉండదు.

మరునాడు ఈ లెక్కలతో చాచా ఇంటికి వెళ్లాం. మేము నోరు తెరవకముందే ఆయన మరో కాగితం మా ముందుంచారు. రెండేళ్ల రుసుము, 44,000 రూపాయలు బకాయి! అది తీరనిదే పేరు మారదు.

"నిన్న చెప్పలేకపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు" అన్నారు తలవంచుకుని.

అంత నిజాయితీపరునికి 'వద్దు' అని చెప్పడం మాకు ఎంత కష్టమైందో! చెప్పాం. ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఒక హోటల్లో విందు, ఉచిత కుక్కరు, ఆ రాత్రే సంతకం అంటూ తన కథ చెప్పారు. పదహారేళ్లలో వాడుకున్నది ఆరుసార్లట. సభ్యత్వం వదులుకుంటానని సంస్థకు రాసే ఉత్తరం ఆ పూటే మేము సిద్ధం చేసి ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు. చాచా మాత్రం ప్రతి జుమా నాడు మసీదు మెట్ల వద్ద ఆగి మునుపటిలాగే పిల్లల చదువులు అడుగుతారు.

మొన్న దసరా సెలవులకు విశాఖపట్నం నుంచి రైలులో అరకు వెళ్లాం. మూడు రాత్రులు, మామూలు అద్దెగది, రోజుకు 2,800. అమ్మీ కిటికీ పక్కన కూర్చుని సొరంగాలు లెక్కపెట్టసాగారు. ముప్పై దాటాక లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.