ఎరువు వేస్తే అలిగిన మొక్క

పిల్లలూ! మా వూరు కొత్తపేటకు దగ్గర. మా ఇంటి అరుగు మీద, దూలానికి ఒక తొట్టి వేలాడుతూ వుంటుంది. ఆ తొట్టిలోని మొక్క ఆకుల కొసలకు చిన్న చిన్న కూజాలున్నాయి. ప్రతి కూజాకూ ఒక మూత కూడా వున్నది. బడికి పోయే పిల్లలు మా వాకిట్లో ఆగి, "మేష్టారూ, ఇవాళ ఎన్ని చీమలు పడ్డాయండీ?" అని అడుగుతూ వుంటారు.

ఇప్పుడు ఈ మొక్క కులాసాగానే వున్నది. కాని రెండేళ్ళ క్రితం దీన్ని నేను చంపినంత పని చేశాను. అదీ ఏ కోపం మీదనో కాదు, జాలి మీద! ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు ఈ మొక్క ఒక పాఠం చెప్పింది. ఆ కథ వినండి.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ఇంగ్లండులో వుద్యోగం చేస్తున్నాడు. అతను సరదాకొద్దీ ఒక వింత మొక్కను పెంచుతూ, దాని ఫొటో నాకు పంపాడు. కొట్లో సెనగలు కట్టే కాగితం పొట్లం చూశారు గదా? అట్లా ఆకు తనను తానే చుట్టుకుని పొడుగాటి గొట్టమయింది. గొట్టంలో నీళ్ళు. గొట్టం పైన చెంచా ఆకారంలో ఎర్రటి తునక ఒకటి వున్నది. దానిలో తేనె వూరుతుంది. తేనెకు ఆశపడి వచ్చిన చీమ కాలు జారి నీళ్ళలో పడుతుంది. లోపలి గోడకు కిందికి తిరిగిన నూగు వుంటుంది కనుక ఎక్కి రాలేదు. నూగు వానకు తడిస్తే మరీ జారుడు! మరి పెద్ద వాన పడితే గొట్టం నిండి, బరువుకు ఒరిగిపోదా? పోదు. గొట్టం నడుముకు చిన్న సందు వున్నది. మన కాలువ గట్టుకు తూము వున్నట్టే, ఎక్కువైన నీరు దానిలోంచి పోతుంది.

దీని శాస్త్రీయ నామం హీలియాంఫొరా. 1840లో జార్జి బెంథామ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు అది. ఇంగ్లీషులో దీన్ని సన్ పిచర్ అంటారు, అంటే సూర్య కూజా. ఇందులో ఒక తమాషా వున్నది. బెంథామ్ తీసుకున్న గ్రీకు మాట "హెలోస్". దానికి చిత్తడి నేల అని అర్థం. సూర్యుణ్ణి గ్రీకులో "హీలియోస్" అంటారు. రెండు మాటలూ దగ్గరగా వుండటంతో, చిత్తడి కూజా కాస్తా జనం నోట సూర్య కూజా అయి కూర్చున్నది!

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. వెనిజులా, గయానా, బ్రెజిల్ దేశాల ప్రాంతంలో, పైన బల్లలాగా చదునుగా వుండే కొండలున్నాయి. వాటిలో పేరుపొందిన రొరైమా కొండ ఎత్తు సుమారు 2,800 మీటర్లు. చుట్టూ నిట్టనిలువు గోడలు, పైన రాయి, మేఘాలు, వాన. సూర్య కూజాల జాతులు ఇరవైకి పైగా వున్నా, అన్నీ ఆ కొండల ప్రాంతానివే.

"నాకూ ఒకటి కావాలిరా!" అని ఫోనులో అడిగాను.

"అది మన కోనసీమలో బతకదండి మేష్టారూ," అన్నాడు అతను. "దానికి పగలు చల్లగా వుండాలి, రాత్రి ఇంకా చల్లగా వుండాలి. మన వేసవిలో వారం రోజులు కూడా వుండదు. మీరు నెపంథిస్ తెచ్చుకోండి. దానికి మన వుక్క బాగా పడుతుంది."

నెపంథిస్ కూడా కూజా మొక్కే. కాని సూర్య కూజాకూ దీనికీ చుట్టరికం లేదు, వంశాలే వేరు. దీని ఆకు కొస తీగలాగా సాగి, తీగ చివర వుబ్బి కూజా అవుతుంది. కూజా అంచు నున్నగా జారుతూ వుంటుంది. లోపలి నీటిలో పురుగును అరిగించే రసం వూరుతుంది. మన దేశంలో అడవి నెపంథిస్ ఒకే ఒక జాతి, నెపంథిస్ ఖాసియానా. అది మేఘాలయ కొండల్లో వున్నది. దానికి చట్టం రక్షణ ఇచ్చింది. అడవిలోంచి పెరికి తేకూడదు. నర్సరీలవాళ్ళు పెంచి అమ్మేవి సంకర జాతులు.

మర్నాడే బస్సెక్కి, రావులపాలెం మీదుగా గౌతమి దాటి, కడియపులంక వెళ్ళాను. నాలుగు కూజాలున్న మొక్కను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాను.

తొట్టిలోకి తొంగి చూస్తే మట్టి అన్నదే లేదు! కాసిని కొబ్బరి పీచు ముక్కలూ, ఎండు నాచూ వున్నాయి. "అయ్యో, దీనికి తిండి లేదే!" అని నా మనస్సు కరిగిపోయింది. నేను కోనసీమవాణ్ణి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి పెరిగినవాణ్ణి. మన లంక మట్టిలో కర్ర పాతినా చిగురు వేస్తుందని పెద్దలు అనగా విన్నవాణ్ణి. ఇంకేం? పీచంతా తీసి పారేశాను. లంక మట్టి నింపాను. దానిలో పశువుల ఎరువు, వేరుసెనగ చెక్క కలిపాను. రోజూ రెండు పూటలా బోరు నీళ్ళు పోశాను.

మొదటి నెల ఆకులు నిగనిగలాడాయి. నా గర్వం చూడాలి! కాని కొత్త ఆకు కొసన కూజా మొగ్గ కందిగింజంత అయి, అక్కడే ఎండిపోయేది. పాత కూజాలు ఒక్కొక్కటే వడిలి రాలిపోయాయి. తరువాత ఆకుల అంచులు నల్లబడ్డాయి. "కూజాలేవండీ మేష్టారూ?" అని పిల్లలు అడిగితే ఏం చెప్పను? మా ఇంటావిడ ఒకసారి తొట్టికేసి చూసి, "కొత్త అల్లుడికి పెట్టినట్టు పెట్టారు. అరగలేదు కాబోలు," అన్నది.

ఆమె మాటే నిజమయింది. ఇంగ్లండు కుర్రవాడికి ఫోను చేస్తే, అతను మొహమాటపడుతూ, "మేష్టారూ, ఈ మొక్కలు పురుగుల్ని ఎందుకు తింటాయని మీరే మాకు చెప్పారు గదండీ," అన్నాడు. నాకు సిగ్గు వేసింది.

అవును, నేనే చెప్పాను. అన్ని పచ్చని మొక్కల్లాగే కూజా మొక్కలు కూడా ఎండలో తమ ఆహారాన్ని తామే తయారు చేసుకుంటాయి. చీమలూ ఈగలూ వాటికి అన్నం కాదు. అన్నంలోకి వుప్పు వంటివి. నత్రజని, భాస్వరం మొదలైన లవణాలను మామూలు మొక్కలు వేళ్ళతో మట్టి నుంచి తీసుకుంటాయి. రొరైమా వంటి చోట ఎడతెగని వాన ఆ లవణాలను కడిగి తీసుకుపోతుంది. నేల పెట్టనిదాన్ని మొక్క గాలిలో తిరిగే పురుగు నుంచి తీసుకుంటుంది. దానికోసమే కూజా కట్టడం. కూజా కట్టడమంటే మొక్కకు చాలా శ్రమ. వేళ్ళ దగ్గరే అన్నీ దొరికితే ఆ శ్రమ ఎందుకు పడుతుంది? ఇంట్లో నుయ్యి వుంటే ఏటికి బిందె ఎవరు తీసుకుపోతారు? పైగా దాని వేళ్ళు సున్నితమైనవి. ఘాటు ఎరువుకూ, నీటిలోని వుప్పుకూ అవి మాడిపోతాయి.

మన నేల సంగతి వేరు. గోదావరి ఒండ్రు పోసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాయి. వరికీ, కొబ్బరికీ, అరటికీ ఇది అమ్మ ఒడి. కాని ఆ ఒడి అందరు బిడ్డలకూ సరిపడదని నాకు తట్టలేదు. నా దగ్గర వున్నదాన్ని పెట్టాను గాని, దానికి కావలసినదేమిటని అడగలేదు.

తొట్టిని విప్పి చూస్తే వేళ్ళు చాలా భాగం కుళ్ళిపోయాయి. పెద్ద కాండం పోయింది. మొదట్లో ఒక్క చిన్న పిలక మాత్రం పచ్చగా వున్నది. కొబ్బరి పీచు, పొట్టు తెచ్చి, వాన నీటిలో నానబెట్టి, ఆరుసార్లు పిండి కడిగాను. కొబ్బరి పొట్టులోనూ వుప్పు వుంటుంది మరి. ఆ పీచులో పిలకను నాటి, చూరు కింద పట్టిన వాన నీరే పోశాను. ఎరువు చిటికెడైనా వెయ్యలేదు. ఇక చేయవలసినదల్లా వూరుకోవడమే. ఎరువు వేయడం కంటే అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది!

అయిదు నెలలు గడిచాయి. ఒక వుదయం చూస్తే, కొత్త ఆకు కొసన కందిగింజంత మొగ్గ. ఈసారి ఎండిపోలేదు. బొటనవేలంత అయింది. ఒక రోజు మూత విడివడింది. మధ్యాహ్నానికి మొదటి చీమ అంచు మీదికి వచ్చింది.

ఆ రోజున నాకు నా తరగతి గది గుర్తుకు వచ్చింది. లెక్క దగ్గర పిల్లవాడు తడబడగానే జాలిపడి, నేనే జవాబు చెప్పేసేవాణ్ణి. వాడి పలక మీద లెక్క వుండేది గాని, అది నా లెక్క. తల్లిదండ్రులు కూడా ఈ ముక్క చదువుతారనే ఇది రాస్తున్నాను. అన్నం పెట్టవద్దని కాదు. బిడ్డ కూజా కట్టుకునేదాకా కాస్త ఓపిక పట్టమని.

పిల్లలూ, మీరు కూడా ఈ మొక్కను పెంచవచ్చు. నర్సరీలో పెంచినదే కొనండి. కడిగిన కొబ్బరి పీచు, వాన నీరు, పొద్దుటి ఎండ చాలు. కూజాలో అన్నం మెతుకులూ, మాంసం ముక్కలూ వెయ్యకండి, కుళ్ళిపోతుంది. దాని వేట దాన్నే ఆడనివ్వండి.

కొనడానికి వీలు లేకపోతే విచారం వద్దు. మన చెరువుల్లో, నీరు నిలిచిన మడుగుల్లో యుట్రిక్యులేరియా అనే మొక్క వేళ్ళు లేకుండా తేలుతూ వుంటుంది. పసుపు పచ్చని చిన్న పూలు నీటి పైకి లేస్తాయి. నీటిలోని ఆకులకు ఆవగింజల వంటి తిత్తులుంటాయి. తిత్తి తలుపు దగ్గరి వెంట్రుకను నీటి పురుగు తాకిందా, సెకనులో వెయ్యో వంతు లోపల తిత్తి దాన్ని పీల్చేస్తుంది! పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని గట్టున కూర్చుని చూడండి. ఒక కొమ్మను గాజు గ్లాసులో పెట్టి, భూతద్దంతో తిత్తులను పరీక్షించి, మళ్ళీ ఆ నీటిలోనే వదిలేయండి.

మీ గ్లాసులో ఏమేమి కనిపించాయో నాకు ఉత్తరం రాస్తారు గదూ?