ఆగిన క్షణంలోనే చూడాలి

జూన్ 14, శనివారం

వెనక పచ్చిక కొడుతుండగా ట్రాక్టరు మళ్ళీ ఆగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ముట్టుకుంటే చాలు, అందుకుంటుంది. అరగంట పనిచేసి ఇంజను బాగా వేడెక్కాక చటుక్కున ఆగుతుంది. ఆ తర్వాత సెల్ఫ్ ఎంత కొట్టినా గిర్రున తిరగడమే గానీ అందుకోదు. భోజనం చేసి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

ఇది 1949 నాటి ఫోర్డ్ 8ఎన్. 1947 నుంచి 1952 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఒహాయో పల్లెల్లో వీటితో ఇప్పటికీ గడ్డి కొడుతున్నారు, మంచు తోస్తున్నారు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఆరు వోల్టుల బ్యాటరీ, అందులోనూ ప్లస్సే ఎర్త్.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. తెనాలి దగ్గర మా పొలంలో ఆయన నడిపినవన్నీ డీజిలు బండ్లే.

"డీజిలైతే ఎయిర్ పట్టిందనేవాణ్ణి, గాలి తీస్తే సరిపోయేది. పెట్రోలు ఇంజను సంగతి నాకు తెలీదురా. ఒక్కటి చెప్పు. దగ్గి దగ్గి ఆగిందా, తాళం తిప్పేసినట్టు ఆగిందా?"

"తాళం తిప్పేసినట్టే నాన్నా."

"అయితే ఆయిలు గొడవ కాకపోవచ్చు. అయినా ముందు అదే తేల్చుకో. రూపాయి ఖర్చు లేని పని."

జూన్ 15, ఆదివారం

నాన్న చెప్పినట్టే పెట్రోలుతో మొదలుపెట్టాను. ఇంజను పూర్తిగా చల్లారాక, బండిని షెడ్డు బయటికి తోసి, కార్బురేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు తీసి కింద రేకు డబ్బా పెట్టాను. ధార సన్నబడకుండా పడుతూ ఉండాలి. రెండు నిమిషాల్లో అర లీటరు దాకా రావాలి. వచ్చింది. ట్యాంకు మూత బిగించి ఒకసారి, వదులు చేసి ఒకసారి చూశాను. మూతకున్న గాలి రంధ్రం పూడుకుపోతే ట్యాంకులో గాలి చొరబడక ధార క్రమంగా చచ్చిపోతుంది. రెండుసార్లూ ఒకేలా పడింది.

ఈ బండిలో పెట్రోలుకి మూడు జల్లెళ్ళు: ట్యాంకు లోపల ఒకటి, గాజు గిన్నె పైన ఒకటి, కార్బురేటర్‌లోకి వెళ్ళే వంపులో ఒకటి. మూడోది చాలామందికి కనపడదు. విప్పి చూస్తే కాస్త తుప్పు నలుసు ఉంది, దారి మూసేంత లేదు. కడిగి పెట్టాను. పెట్రోలు వైపు అనుమానం తీరింది.

జూన్ 21, శనివారం

ఈసారి పొలంలోకి వెళ్ళలేదు. షెడ్డు ముందే బండిని నడుపుతూ వేడెక్కించాను. టెస్టరు, మీటరు చేతికందేలా పెట్టుకున్నాను. ఇటువంటి జబ్బు ఇంజను ఆగి ఉన్న ఆ కాసేపే బయటపడుతుంది. చల్లారాక ఏ భాగాన్ని పరీక్షించినా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు మనిషి ఊహ మీద సామాను కొనడం మొదలుపెడతాడు.

ఆగింది. వెంటనే ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, పావు అంగుళం గ్యాపు పెట్టిన టెస్టరు తగిలించి సెల్ఫ్ కొట్టాను. పొద్దున ఇదే గ్యాపులో నీలం నిప్పు టప్ టప్‌మని దూకింది. ఇప్పుడు చీకటి. మీటరు చూస్తే కాయిల్ దాకా కరెంటు వస్తోంది. పాయింట్లు తెరుచుకున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ పూర్తిగా, మూసుకున్నప్పుడు రెసిస్టర్ వల్ల దాదాపు సగం. అంటే తాళం, తీగలు, పాయింట్లు తమ పని చేస్తున్నాయి. మిగిలినవి కాయిల్, కండెన్సర్.

ఈ మోడల్‌లో డిస్ట్రిబ్యూటర్ ఇంజను ముందు భాగానికి బిగించి ఉంటుంది, దాని నెత్తిన చదరంగా కాయిల్. ఇంజను వేడి, రేడియేటర్ మీదుగా వచ్చే వేడి గాలి, రెండూ దానికే. లోపలి సన్నతీగ చుట్టలో ఎక్కడైనా ఇన్సులేషన్ చెడితే, వేడికి ఆ చోటే కరెంటు దారి తప్పుతుంది. చల్లారితే మళ్ళీ సర్దుకుంటుంది. తాళం తీసి, చన్నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాయిల్ మీద కప్పాను. కొన్ని నిమిషాలకే నిప్పు వచ్చింది, ఇంజను అందుకుంది. మిగతా ఇంజను ఇంకా కాలుతూనే ఉంది.

జూన్ 28, శనివారం

రెండు బోల్టులు విప్పితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం చేతిలోకి వచ్చేసింది. పాయింట్ల ముఖాలు నున్నగా ఉన్నాయి. కండెన్సర్ చెడిపోయి ఉంటే ఒక ముఖం గుంటపడి, ఎదుటి ముఖాన మొటిమలా లోహం పేరుకునేది. అందుకే కండెన్సర్‌ని కదిలించలేదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎన్నటికీ తేలదు. ఫీలర్ గేజ్‌తో 0.015 అంగుళం గ్యాపు సరిచూసి కొత్త కాయిల్ పెట్టాను. షాఫ్టు కొసన ఉన్న నాలుక మధ్యకి కాకుండా కాస్త పక్కకి ఉంటుంది, ఒక్క తీరులోనే కూర్చుంటుంది. కూర్చోకపోతే బోల్టులతో లాగి బిగించకూడదు, విరుగుతుంది. షాఫ్టు సగం చుట్టు తిప్పితే దానంతట అదే దిగుతుంది.

మధ్యాహ్నం దాకా ఆగకుండా గడ్డి కొట్టాను.

జూలై 5, శనివారం

మండుటెండలో కూడా బండి ఆగలేదు. నాన్నకి వీడియో పంపితే ఆయన కళ్ళు ఇంజను మీద కాక వెనక మూడు లింకుల మీద పడ్డాయి. "మన మాసీకి ఉన్నట్టే ఉందే!" అన్నారు. ఉంటుంది మరి. హైడ్రాలిక్స్‌తో లేచే ఆ అమరిక హ్యారీ ఫెర్గూసన్‌ది. 1939లో ఫోర్డ్ 9ఎన్‌తో అమెరికా పొలాలకి వచ్చింది. 1953లో ఆయన సంస్థ మాసీ-హారిస్‌తో కలిసింది. మా ఊళ్ళో నాగలినీ ఇక్కడి గడ్డి మిషన్నీ మోసేది ఆ ఒక్క మనిషి ఆలోచనే.

పక్క పొలం పెద్దాయన బండికీ ఇదే తంతు. పన్నెండు వోల్టులకి మార్చేద్దామనుకుంటున్నాడు. సరైన రెసిస్టర్ లేకుండా మారిస్తే ఉన్న కాయిల్ ఇంకా తొందరగా మాడుతుందని చెప్పాను. "ఇంకా ఏమీ కొనకండి. ఆగిన వెంటనే నాకు ఫోన్ చేయండి, వేడి మీదుండగానే వస్తాను" అన్నాను. టెస్టరు, మీటరు పికప్‌లోనే ఉంచాను.