ఊరెల్ల నెరిగిన హత్య

నేరమును గూర్చిన నవలను చేతబట్టిన పాఠకుడు సాధారణముగా ఒకే ప్రశ్నకు సమాధానము వెదకును: చంపినవాడెవడు? ఆ సంగతిని చివరి పుట వరకు దాచియుంచుటయే అట్టి నవలలు వ్రాయువారి నేర్పు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ 1981లో ప్రకటించిన చిన్న నవలయందు ఈ దాపరికము లేదు. శాంటియాగో నాసర్ అను యువకుడు హతుడు కాబోవుచున్నాడని మొదటి వాక్యమే చెప్పివేయును. చంపువారెవరో, ఏల చంపిరో కూడ త్వరలోనే తెలియును. దీనికి ఆంగ్లమున 'క్రానికల్ ఆఫ్ ఎ డెత్ ఫోర్‌టోల్డ్' అని పేరు. ముందుగా చాటిన మరణపు వృత్తాంతమని అర్థము. అన్నియు తెలిసిన పిదప చదువుటకేమి మిగిలినదని పాఠకునకు సందేహము కలుగును. అయినను పుస్తకమును క్రింద పెట్టలేడు.

మార్క్వెజ్ దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశస్థుడు. ఆ దేశమున సూక్రే అను ఊర 1951లో జరిగిన ఒక హత్య ఈ కథకు ఆధారము. పెండ్లినాటి రాత్రియే వరుడు వధువు ఏంజెలాను పుట్టింట విడిచిపోయెను. ఆమె కళంకమునకు కారకుడెవడని ఇంటివారు నిలదీయగా, ఆమె శాంటియాగో పేరు చెప్పెను. అది నిజమో కాదో నవల ఎక్కడను తేల్చదు. కుటుంబ గౌరవము నిలుపుటకై ఆమె సోదరులు, కవలలైన పెడ్రో, పాబ్లోలు, పందులను కోయు కత్తులు తీసికొని బయలుదేరిరి.

వారు రహస్యముగా పోయిరా? లేదు. మాంసపు అంగడిలో కత్తులు నూరుచు తమ ఉద్దేశమును చాటిరి. పాల అంగడిలో కూర్చుండి వచ్చిన వారికెల్ల చెప్పిరి. ఎవరైన తమ్ము ఆపుదురేమో యని వారు ఎదురుచూచినట్లే తోచును. అంగడి యజమానురాలు క్లోటిల్డే ఆర్మెంటా ఈ సంగతి గ్రహించెను. ఆ బిడ్డలను ఆ ఘోరభారమునుండి తప్పింపవలెనని ఆమె తాపత్రయము. ఊరి మేయరైన కర్నల్ అపోంటే వచ్చి, కత్తులు లాగుకొని, ఇంటికి పొండని వారిని పంపెను. వారు వేరు కత్తులు తెచ్చుకొనిరి. మరల వార్త అందినపుడు ఆయన వత్తుననియే చెప్పెను. కాని ఆ రాత్రి ఆడవలసిన డామినో ఆట సంగతి కనుగొనుటకు ముందు క్లబ్బులోనికి పోయెను. బయటికి వచ్చునప్పటికి అంతయు ముగిసెను. ఇచ్చట కొంతసేపు ఆగనివాడు ఈ నవలను చదివినవాడు కాడు.

ఆ ఉదయమున బిషప్పు పడవమీద వచ్చునని ఊరివారు రేవునకు పరుగెత్తిరి. ఆ సందడిలో, వార్త విన్న మతగురువు దానిని మరచెను. ఏమి చిత్రము! పడవ ఆగనైన ఆగలేదు. ఎవరో హెచ్చరికగా చీటి వ్రాసి శాంటియాగో ఇంటి తలుపు క్రిందనుండి లోనికి త్రోసిరి. హత్య జరిగిన పిదపగాని అది కంటబడలేదు. తాగినవారి మాటలని కొందరు, అతనికి తెలిసియే యుండునని కొందరు ఊరకుండిరి.

చివరకు తల్లి, కొడుకు ఇంటిలోనే యున్నాడని నమ్మి, కత్తులతో వచ్చు సోదరులను చూచి వీథితలుపు మూసి గడియ పెట్టెను. ఆ తలుపు వైపునకే శాంటియాగో పరుగెత్తి వచ్చుచుండెను. మొదటి వాక్యమునుండియు ఈ చావును ఎరిగిన పాఠకుడు కూడ ఇచ్చట "అమ్మా, తలుపు తీయుము" అని కేకవేయబోవును.

విచారణకై 3 ఏండ్లు చెరలో నుండిన సోదరులను, గౌరవరక్షణకై చేసిన హత్య యని న్యాయస్థానము విడిచిపెట్టెను. తక్కినవారిని ఏ న్యాయస్థానమును పిలువలేదు. 27 ఏండ్ల తరువాత కథకుడు వచ్చి అడిగినపుడు, ఆ ఉదయమున తామెచ్చట నుండిరో, ఏల ఆపలేకపోయిరో, ఎవరికి వారు ఇంకను చెప్పుకొనుచునే యుండిరి.