సిలోయము గోపురం

ప్రకృతి వైపరీత్యం సంభవించినప్పుడల్లా మానవుని నోట ముందుగా వెలువడేది "ఎవరి పాపం?" అన్న ప్రశ్నే. మా వీధి పెద్దలు దీనినే ఉర్దూలో "గునాహోంకీ సజా" అంటారు. పల్లెవాసులు "ఎవరు చేసుకున్న కర్మమో" అంటారు. భాష వేరైనా తీర్పు ఒకటే.

ఎం.ఏ. చదివే రోజుల్లో తెలుగు వచన పరిణామాన్ని పరిశీలించే నిమిత్తం మేము తెలుగు బైబిలును తెరిచాము. వచనం సంగతి మరచి యోబు గ్రంథంలో చిక్కుకున్నాము. హజ్రత్ అయ్యూబ్ మాకు బాల్యం నుంచీ పరిచితులే. సబ్ర్‌కు, అనగా సహనానికి, వారు మారుపేరు. ఖుర్ఆనులో వారి మొర ఎంతో క్లుప్తం. బైబిలులోని యోబు మాత్రం తాను పుట్టిన దినాన్నే శపిస్తాడు. దేవునితో వ్యాజ్యానికి సైతం సిద్ధపడతాడు. తొలి పఠనంలో ఇది మాకు మింగుడుపడలేదు. అయితే అతని దుఃఖం సామాన్యమైనదా? ఎడారి వైపు నుంచి వీచిన పెనుగాలికి ఇల్లు కూలి, బిడ్డలందరూ ఒక్కమారే మరణించారు. పరామర్శకు వచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలపై మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలు అంతటితో సరి. నోరు విప్పింది మొదలు, నీవేదో పాపం చేసి ఉంటావని వాదించారు. కడకు దేవుని కోపం ఆ మిత్రుల మీదనే రగిలింది! యోబుకు మాత్రం కారణం చెప్పబడలేదు. సముద్రాన్ని, మంచును, నక్షత్రాలను, అడవి మృగాలను చూపి దేవుడు ఎదురు ప్రశ్నలు వేశాడు. మా మట్టుకు మాకు ఈ సమాధానం నేటికీ పూర్తి తృప్తి నివ్వదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో మరొక ఘట్టం ఉన్నది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది మరణించారు. వారు యెరూషలేము వాసులందరి కంటె అధికపాపులా అని యేసు (మేము ఈసా ప్రవక్తగా గౌరవించే మహనీయులు) తానే ప్రశ్నించి, కాదని తానే చెప్పాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందకున్న మీరూ నశిస్తారని హెచ్చరించాడు. బోధకులు పలువురు ఈ రెండవ మాటను పట్టుకుని మొదటి మాటను విడిచిపెడతారు. హెచ్చరిక వింటున్నవారికి, మృతులపై ఏ నిందా లేదు.

ఈ వాక్యాన్ని క్రైస్తవ లోకమే ఎంతగా మరచిందో చెప్పటానికి లిస్బన్ చాలు. 1755 నవంబరు 1, సకల పరిశుద్ధుల పండుగ. ఉదయం జనం ఆలయాలలో ప్రార్థనలో ఉండగా భూమి కంపించింది. ఆలయాలు భక్తులపై కూలినవి. సముద్రం పొంగింది. పండుగకై వెలిగించిన దీపాలు కూడా అగ్నిప్రమాదాలకు కారణమైనవి. మంటలు దినాల తరబడి ఆరలేదు. మరుసటి ఏడు మలగ్రీడా అనే వృద్ధ జెస్యూట్ గురువు, ఇది లిస్బన్ పాపాలకు శిక్షేనని, ప్రకృతి కారణాలు వెదకరాదని ఒక పుస్తకం ప్రకటించాడు. అనంతర కాలంలో పొంబాల్ ప్రభువుగా ఖ్యాతి గన్న మంత్రికి ఇది కంటగింపైనది. 1761లో ఆ వృద్ధుని గొంతు బిగించి చంపి దహించారు. అది న్యాయమని మేమనము. కాని అదే మంత్రి గ్రామగ్రామానికీ ఒక ప్రశ్నావళి పంపాడు: కంపనం ఎంతసేపు? సముద్రం ముందు లేచిందా, తగ్గిందా? మృతులెందరు? వీటికి ఓపికగా ప్రత్యుత్తరాలు వ్రాసినవారు ఆయా ఆలయాల గురువులే. భూకంపశాస్త్రానికి ఆ కాగితాలు తొలి ఆధారాలలో చేరినవి. పాపాల లెక్క మాని మృతుల లెక్క వ్రాసిన ఆ అనామక గురువులే సిలోయము మాటను నిజంగా గ్రహించారని మా అభిప్రాయం.

2020 అక్టోబరులో హైదరాబాదు పాతబస్తీని వరద ముంచెత్తింది. గుర్రం చెరువు కట్ట తెగి ఇళ్లు మునిగినవి. కళాశాలలు మరల తెరుచుకున్న తరువాత తరగతిలో ఒక విద్యార్థి, అది ఆ బస్తీలవారి గునాహోంకీ సజా అన్నాడు. చెరువులు, నాలాలు ఎలా పూడినవో, వాటిలో ఇళ్లు ఎలా లేచినవో మేము వివరించసాగాము. వెనుక బల్లపై ఆ బస్తీకే చెందిన మరొక విద్యార్థి తలవంచుకుని కూర్చున్నాడు. మేము వివరణ ఆపి, వెళ్లి అతని పక్కన కూర్చున్నాము. గంట మోగే దాకా ఎవ్వరూ మాట్లాడలేదు.